తర్కా అందలేదు, కర్జ్ మాత్రం మనదేనా?



పోయిన నెల తాండూరులో మా ఖాలా కూతురి పెద్ద కొడుకు వలీమా. దస్తర్‌ఖాన్ దగ్గర నా పక్కన పెళ్లికొడుకు తమ్ముడు కూర్చున్నాడు. పందొమ్మిదేళ్ల పిల్లగాడు, డిగ్రీ రెండో సంవత్సరం. నన్ను మామూ అంటాడు. తినేది తక్కువ, ఫోన్ చూసేది ఎక్కువ.

"మామూ, నా స్టేటస్ చూసినవా?"

చూశాను. మూడు ఫోటోలు. మొదటిది గ్రనాడాలోని అల్‌హంబ్రా. రెండోది ఆసఫియా జెండా. మూడోది టిప్పు సుల్తాన్. కింద రోమన్ అక్షరాల్లో ఉర్దూ: ఎనిమిది వందల సాల్ అందలుస్, 224 సాల్ దక్కన్, హమ్ హాకిమ్ థే. మేం పాలకులం.

ఎదురుగా వాళ్ల అబ్బా వడ్డిస్తున్నాడు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో ఇరవై ఏళ్లుగా పని. ఆ రోజు కొత్త షేర్వానీ వేసుకున్నాడు కానీ చేతి వేళ్ల పగుళ్లలో తెల్ల దుమ్ము అట్లనే ఉంది. గుస్ల్ చేసినా పోని దుమ్ము అది. వడ్డిస్తూ రెండుసార్లు పక్కకు తిరిగి దగ్గాడు. హాకిమ్ సాబ్ కొడుకు స్టేటస్‌కు అప్పటికి నలభై లైకులు వచ్చాయి.

నేనేం అనలేదు. షాదీ ఇంట్లో బహస్ ఎందుకని. ఇప్పుడు అంటున్నాను.

ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక పత్రికాఫీసులో, బీసీ-ఈ కింద ముస్లింలకు ఇచ్చే 4 శాతం రిజర్వేషన్ మీద మాటలు నడుస్తుంటే, ఒక సహోద్యోగి నవ్వుతూనే అన్నాడు: "వందల ఏళ్లు ఏలినోళ్లు మీరు, మీకు రిజర్వేషన్ ఏంది భాయ్?" ఆ రోజు నాకు మాట పడిపోయింది. మా పిల్లగాడి స్టేటస్ చూశాక అర్థమైంది, ఆయన అన్నదీ వీడు రాసిందీ ఒకటే మాట. వాడు "మేం ఏలాం" అని ఫఖర్‌తో సంతకం పెడతాడు, ఆయన ఆ సంతకం చూపించి బిల్లు వసూలు చేస్తాడు.

మన ఇళ్లలో ఎవరైనా ఇంతెకాల్ అయితే లెక్క ఎట్లా నడుస్తుందో మీకు తెలుసు. పోయిన మనిషి వదిలిన తర్కాలోంచి ముందు కఫన్-దఫన్. తర్వాత కర్జ్. తర్వాత వసీయత్, అదీ మూడో వంతు దాటకుండా. మిగిలింది వారసులకు. తర్కా ఏమీ లేకపోతే కర్జ్ వారసుడి నెత్తిన పడదు. ప్రేమ కొద్దీ కడితే అది వాడి మంచితనం. షరియత్‌లో ఇంత సాఫ్‌గా ఉన్న లెక్క, తారీఖ్ దగ్గరికి వచ్చేసరికి మనం మరిచిపోతాం. సల్తనత్ తర్కా ఎవరు తీసుకున్నారు, కర్జ్ ఎవరు కట్టారు? ఒకసారి కూర్చుని చూద్దాం. అందలుస్‌ది కొంచెం, మన దక్కన్‌ది వివరంగా.

నేను వికారాబాద్‌లో ఉర్దూ మీడియంలో చదివాను. మా ఉస్తాద్ ఇక్బాల్ రాసిన మస్జిద్-ఎ-ఖుర్తుబా చెప్తుంటే క్లాసంతా గుడ్లనీళ్లు పెట్టుకునేది. నసీం హిజాజీ నావెళ్లు చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. గ్రనాడా పడిపోయిందని వికారాబాద్‌లో కూర్చుని ఏడ్చిన పిల్లలం మేం. మా ఊరి పేరులో ఉన్న ఆ వికార్ ఎవరని ఒక్కడూ అడగలేదు. డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నాక తోటి పిల్లలు "మీ ఊరు వికారంగా ఉంటదా?" అని ఆటపట్టిస్తే అప్పుడు వెతుక్కున్నాను. వికార్ అంటే ఇజ్జత్, హుందాతనం అని వాళ్లకు చెప్పడానికి. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ ఎనిమిది వందల ఏళ్లు. 711 నుంచి 1492 దాకా కలిపితే 781. సరే, నలుపుకుని ఎనిమిది వందలే అనుకుందాం. కానీ కొర్దోబా 1236లోనే పోయింది, సెవిల్లె 1248లో. ఆ సెవిల్లెను ముట్టడించిన కాస్టీల్ రాజుకు తన సైన్యంతో సాయం వెళ్లినవాడు ఎవరనుకున్నారు? గ్రనాడా సుల్తానే. అల్‌హంబ్రా కట్టడం మొదలుపెట్టిన ఖాందాన్. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలు గ్రనాడా చాలావరకు కాస్టీల్‌కు కప్పం కట్టి బతికింది. ఇందులో "హమ్" ఎవరు, "వో" ఎవరు?

1491లో గ్రనాడా ఆఖరి సుల్తాన్ అబూ అబ్దుల్లా ఇజాబెల్లా, ఫెర్డినాండ్‌లతో ఒప్పందం రాసుకున్నాడు. అవామ్ తమ దీన్ మీద, తమ ఖాజీల కింద ఉండొచ్చని అందులో ఉంది. సుల్తాన్‌కు అల్‌పుహర్రా కొండల్లో జమీన్లు ఇస్తారని కూడా ఉంది. రెండో షరతు అమలైంది. ఆయన 1493లో ఆ జమీన్లు అమ్ముకుని సొమ్ముతో ఫెజ్ వెళ్లిపోయాడు. మొదటి షరతు పదేళ్లు తిరక్కుండానే చచ్చింది. బలవంతపు బాప్తిస్మాలు, తర్వాత 1567లో అరబీ మాట మీద, లిబాస్ మీద, హమ్మాముల మీద కూడా నిషేధం.

అట్లా క్రైస్తవులుగా మార్చబడ్డ వాళ్లను మోరిస్కోలు అన్నారు. తోటలకు కాలువలు తవ్వినవాళ్లు, పట్టు నేసినవాళ్లు, కంచర గాడిదల మీద సరుకు మోసినవాళ్లు. చాలామందికి అరబీ మరిచిపోయింది. స్పానిష్‌లోనే మాట్లాడేవాళ్లు, దీన్ పుస్తకాలను స్పానిష్ భాషలోనే రాసుకుని, హర్ఫులు మాత్రం అరబీవి వాడేవాళ్లు. తెలుగులో ఆలోచించి, ఉర్దూలో దువా చేసి, తెలుగు లిపిలో ఈ బ్లాగు రాసుకునే నాకు ఆ మనుషులు చాలా దగ్గరి బంధువుల్లాగా అనిపిస్తారు, అల్‌హంబ్రా సుల్తాన్ కంటే. 1609 నుంచి 1614 మధ్య సుమారు 3 లక్షల మందిని ఓడలెక్కించి పంపేశారు. చాలాచోట్ల చిన్నపిల్లలను తల్లుల దగ్గర గుంజుకుని అక్కడే ఉంచేసుకున్నారు. సుల్తాన్ జమీన్లు అమ్ముకుని పోయిన 116 ఏళ్ల తర్వాత వీళ్లు కర్జ్ కట్టారు.

ఇక్కడ మన వాట్సాప్ ఆలిములు ఇంకో మాట జోడిస్తారు: మనల్ని తరిమేశారు గనుకే స్పెయిన్ సర్వనాశనమైంది, అల్లాహ్ లాఠీకి చప్పుడుండదు అని. వినడానికి కలేజా చల్లబడుతుంది. తారీఖులు మాత్రం ఒప్పుకోవు. వలెన్సియా లాంటి ప్రాంతాల్లో మోరిస్కోలు జనాభాలో మూడో వంతు. వాళ్లు పోయాక అక్కడ పొలాలు పాడుబడ్డ మాట నిజం. కానీ స్పెయిన్ ఖజానా అంతకు యాభై ఏళ్ల ముందే దివాలా తీసింది. 1557లో ఒకసారి, 1575లో ఒకసారి, 1596లో ఇంకోసారి. ఇవన్నీ రెండో ఫిలిప్ అనే రాజు కాలంలోనే. ఆ కాలంలో అంత పెద్ద రాజ్యం భూమ్మీద తక్కువ. మెక్సికో, పెరూ, ఫిలిప్పీన్స్, నేపుల్స్, నెదర్లాండ్స్ అన్నీ ఆయనవే. 1545లో పొటోసి కొండలో వెండి దొరికింది. దొరికిన వెండిలో ఐదో వంతు రాజుకు, మన ఖుమ్స్ లెక్కన.

అంత వెండి ఉండి దివాలా ఎందుకు?

వెండి సెవిల్లె రేవులో దిగేలోపే ఖర్చయిపోయి ఉండేది. యుద్ధాల కోసం జెనోవా, ఆగ్స్‌బర్గ్ సాహుకార్ల దగ్గర ముందే అప్పు తెచ్చి, రాబోయే ఓడలను తాకట్టు పెట్టేవాడు. ఓడ వచ్చేది, వెండి దిగేది, సాహుకారు మూట కట్టుకునేవాడు. ఇక దేశం లోపల? ఖాందానీ దొరలు, హిదాల్గోలనే వాళ్లు, పన్ను కట్టనక్కర్లేదు. కట్టేది రైతు. నాలుగు డబ్బులు సంపాదించినవాడు వ్యాపారం పెంచడం మానేసి ఒక హిదాల్గో బిరుదు కొనుక్కునేవాడు, పన్ను తప్పుతుంది గనుక. 1575లో దివాలా తీశాక జీతాలందక నెదర్లాండ్స్‌లోని సొంత సిపాయిలే 1576లో ఆంట్‌వెర్ప్ పట్నాన్ని దోచుకున్నారు. ఇంత జరుగుతున్నా రాజుగారి మహల్, ఎస్కోరియల్, కడుతూనే ఉన్నారు. 1563లో మొదలై 1584లో పూర్తయింది. తర్వాత 1640లో కాటలోనియా, పోర్చుగల్ తిరగబడ్డాయి, 1643లో రొక్రోయ్ దగ్గర ఫౌజ్ ఓడింది. మోరిస్కోలను తరిమింది ఒక జుల్మ్. దివాలా వేరే కథ. రెండింటినీ కలిపి మన బాధకు మలాం పూసుకోవద్దు.

ఆ రెండో కథే నాకు కావాలి. ఎందుకంటే అది మన ఇంటి కథ.

ఆసఫ్ జాహీ సల్తనత్ 1724లో షకర్‌ఖేడా యుద్ధంతో మొదలైంది. నిజాముల్ ముల్క్ తెలివైన మనిషి, నిలబెట్టాడు. 1748లో ఆయన పోయాక కొడుకులూ మనవడూ గద్దె కోసం కొట్టుకున్నారు. ఒకరి వెనక ఫ్రెంచివాళ్లు, ఒకరి వెనక ఇంగ్లీషువాళ్లు. ఫ్రెంచి ఫౌజుకు జీతాలివ్వడానికి డబ్బు లేదు గనుక 1753లో సలాబత్ జంగ్ ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం వైపు సర్కారులు బుస్సీ చేతిలో పెట్టాడు. తర్వాత ఇంగ్లీషువాళ్లు అక్కడ ఫ్రెంచివాళ్లను కొట్టారు, 1766లో నిజాం అలీ ఖాన్ ఆ జిల్లాలను వాళ్లకే రాసిచ్చాడు.

ఇప్పుడు టిప్పు సుల్తాన్ ఫోటో దగ్గరికి వద్దాం. బేటా, నువ్వు టిప్పునూ నిజామునూ ఒకే స్టేటస్‌లో పెట్టావు. 1799లో శ్రీరంగపట్నం మీదికి ఇంగ్లీషువాళ్లతో పాటు వెళ్లిన ఫౌజుల్లో నిజాం ఫౌజ్ కూడా ఉంది. టిప్పు షహీద్ అయ్యాక రాజ్యంలో వాటా తీసుకున్నారు. మరుసటి ఏడాది, 1800లో, తమ దగ్గర పెట్టుకున్న ఇంగ్లీషు ఫౌజు ఖర్చు కింద ఆ వాటానే కంపెనీకి అప్పజెప్పారు. బళ్లారి, కడప, అనంతపురం వైపు జిల్లాలు. అప్పజెప్పినవి గనుక ఇంగ్లీషులో సీడెడ్ అన్నారు. కొత్త సినిమా రిలీజైతే "నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత, ఆంధ్రలో ఇంత" అని కలెక్షన్లు చెప్తారు చూడండి, ఆ మూడు ముక్కలు అవే. నవాబులు ఫౌజు ఖర్చుకు రాసిచ్చిన కాగితాల మీద గీసిన గీతలు. మొదటి రోజు షో చూసొచ్చి కలెక్షన్ల గురించి కొట్లాడే పిల్లలకు ఇది ఎవరైనా చెప్పారా?

అప్పు అక్కడ ఆగలేదు. చందూలాల్ పెత్తనంలో పామర్ కంపెనీ అనే సాహుకారు సంస్థ నూటికి పాతికకు దగ్గరి వడ్డీకి సర్కారుకు అప్పులిచ్చింది. అరబ్ జమాదార్లు, రోహిల్లాలు జీతాల బాకీ కింద ఏకంగా తాలూకాలనే పట్టుకుని కూర్చున్నారు. అక్కడ ఆంట్‌వెర్ప్ దోచిన సిపాయి, ఇక్కడ తాలూకా పట్టిన జమాదారు, ఇద్దరి ఫిర్యాదూ ఒకటే: తన్‌ఖా రాలేదు. చివరికి 1853లో కంటింజెంట్ ఫౌజు బాకీ లెక్క చూపించి డల్హౌసీ బేరార్‌ను తీసుకున్నాడు. పత్తి పండే బంగారు నేల. 1902లో దాన్ని ఏడాదికి 25 లక్షల కౌలు మీద శాశ్వతంగా రాయించుకున్నారు.

పోలిక ఒకచోట తెగుతుందని ఒప్పుకోవాలి. స్పెయిన్ తన యుద్ధాలు తాను చేసింది, తన అప్పులు తాను ఎగ్గొట్టింది. మన నిజాంకు ఎగ్గొట్టే స్వేచ్ఛ కూడా లేదు. అప్పిచ్చినవాడూ కాపలావాడూ ఒకడే.

అదే 1853లో ఇరవై నాలుగేళ్ల సాలార్ జంగ్ దీవాన్ అయ్యాడు. జమాదార్లను తాలూకాల నుంచి లేపాడు, జిల్లాలు ఏర్పరిచాడు, ముప్పై ఏళ్లు మోశాడు. ఈ సల్తనత్‌లో నాకు నిజంగా గౌరవం ఉన్న కొద్ది పేర్లలో ఆయనదొకటి. కానీ ఆయన కూడా జాగీర్ల జోలికి పూర్తిగా పోలేకపోయాడు. ఆయనే పెద్ద జాగీర్దారు మరి.

జాగీర్లు అంటే ఎంతో తెలుసా? రాజ్యంలో సుమారు పదో వంతు సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత జేబు. ఇంచుమించు ముప్పై శాతం జాగీర్లు, పాయెగాలు, సంస్థానాలు. మిగిలిన అరవై శాతం మీదనే సర్కారు నడవాలి. హిదాల్గో పన్ను కట్టడు, జాగీర్దారు మాల్గుజారీ తానే తింటాడు. సముద్రాల దూరం, ఒకటే బీమారీ.

ఇదిగో మా వికార్ ఇక్కడే వస్తాడు. నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా. పాయెగా ఖాందాన్. నిజాం కోసం గుర్రపు ఫౌజు పోషించాలని వాళ్లకు వేల చదరపు మైళ్లు ఇచ్చారు. యుద్ధాలు ఆగిపోయాయి, గుర్రాల అవసరం పోయింది, భూములు మాత్రం ఉండిపోయాయి. ఆ రాబడి ఎటు పోయిందో చూడాలంటే హైదరాబాద్‌లో కొండెక్కాలి. 1884లో ఆయన ఫలక్‌నుమా కట్టడం మొదలుపెట్టాడు. పూర్తయ్యేసరికి ఆ మహల్ కట్టినవాడికే మోయలేని బరువైంది. ఆఖరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. మన ఎస్కోరియల్ అది. ఇప్పుడు ఖరీదైన హోటల్. మా పిల్లగాడి అబ్బా పాలిష్ పట్టిన బండల మీద నడిచేవాళ్లు బహుశా అక్కడ దిగుతారు.

వాడి-సికింద్రాబాద్ రైలు 1874లో వచ్చింది. తాండూరు, వికారాబాద్ ఆ పట్టాల మీద ఊర్లు. బండలు, కందులు షహర్లు చేరడానికి దారి దొరికింది, నిజమే. కానీ ఆ పట్టాలు నిజాం సొమ్ముతో పడ్డాయి, ఇంగ్లీషు ఫౌజుకు కావాల్సిన దారిలో. తర్వాత 1883లో లండన్‌లో కంపెనీ పెట్టి, వాటాదార్లకు ఏటా ఇంత వడ్డీ అని సర్కారు హామీ ఇచ్చింది. ఆ ఒప్పందాల లెక్క అడిగినందుకు అఘోరనాథ్ చట్టోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచి పంపేశారు. లెక్కలు అడిగేవాళ్లంటే సల్తనత్‌కు ఎప్పుడూ గిట్టదు. జర్నలిస్టుగా నాకు ఆ సంగతి బాగా గుర్తుంటుంది.

ఇక్కడ నా అన్నలు కొందరు గొంతు సవరించుకుంటారు. ఉస్మానియా యూనివర్సిటీ? ఉస్మానియా దవాఖానా? ఉస్మాన్ సాగర్? అవును, ఉన్నాయి. మూసీ మా అనంతగిరి కొండల్లోనే పుడుతుంది. 1908 వరదల్లో అదే మూసీ హైదరాబాద్‌లో వేల ప్రాణాలు తీసింది. విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. షహర్ ఆ నీళ్లు తాగి పెరిగింది. అనంతగిరి మీద టీబీ దవాఖానా కూడా ఆ కాలందే. ఇవన్నీ మాల్గుజారీతో కట్టినవి. షుక్రియా చెప్పాలంటే కందులమ్మి మాల్గుజారీ కట్టిన రైతుకూ చెప్పండి. వాడి పేరు ఏ గుమ్మం మీదా లేదు.

యూనివర్సిటీ గురించి ఒక మాట. 1918లో దేశభాషలో పై చదువులు చెప్పడం గొప్ప పనే. ఉర్దూ మీడియం నా తల్లిపాలు, నేనెందుకు తక్కువ చేస్తాను? కానీ రాజ్యంలో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లు. ఆ పిల్లలకు ఆ గేటు ఎట్లా కనిపించి ఉంటుందో నాకు తెలుసు. డిగ్రీ మొదటి రోజు తెలుగు ఛందస్సు క్లాసులో లఘువు, గురువు అంటుంటే నాకు కనిపించిన గోడ అదే. నాకు ఒక గోడ కష్టమైంది. వాళ్లకు కచేరీ, కోర్టు, కాలేజీ అన్నీ గోడలే. 1937లో టైమ్ పత్రిక ఏడో నిజాం బొమ్మను ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనికుడు అంది. అప్పుడు ఆయన రాజ్యంలో నూటికి పది మందికి కూడా చదువు రాదు. వాళ్లలో మన ముత్తాతలూ ఉన్నారు. బండలు కొట్టేవాళ్లు, దూదేకేవాళ్లు, టాంగా తోలేవాళ్లు.

ఇంత ఖాళీగా ఉన్న అవామ్ చేతికి ఏమిచ్చారు? ఒక నారా. అనల్ మలిక్, నేనే రాజును. 1930ల్లో బహాదుర్ యార్ జంగ్ ఈ మాట ప్రచారం చేశాడు: నిజాం గద్దె మీద కూర్చున్నది ఒక మనిషి కాదు, హుకూమత్ మొత్తం ముసల్మాన్ కౌమ్‌ది, ఆయన దానికి నిశాని మాత్రమే అని. ఆయన నిజాయితీ మీద నాకు షక్ లేదు. గొప్ప ఖతీబ్. తర్వాత ఖితాబు, జాగీర్ కూడా వదిలేసిన మనిషి. కానీ ఆ ఒక్క మాటతో రాజుగారి కర్జ్ మొత్తం టాంగావాలా పేరు మీదికి రాసేశారు. టాంగావాలాకు తర్కాలో దమ్మిడీ రాలేదు. వాడు మాత్రం సంబరంగా వేలిముద్ర వేశాడు.

తర్వాత ఆ నారా కాశిం రజ్వీ చేతికి పోయింది. రజాకార్లు చేసింది నేను దాచను, బైరాన్‌పల్లి పేరు నా నోటితోనే చెప్తాను. ఇమ్రోజ్ ఎడిటర్ షోయెబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు, ఇండియాలో కలవాలని రాసినందుకు. మన కలంవాడు, మన కలిమావాడు. గడీలో దొర జుల్మ్ చేస్తే కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ, యూనియన్లలో పనిచేసిన షాయర్ మఖ్దూం, వీళ్లెవరి ఫోటో స్టేటస్‌లో చూడను. హుకూమత్ చేసినవాడి ఫోటోనే కావాలి మనకు.

1948 సెప్టెంబర్ 13 నుంచి 17. ఐదు రోజులు. ఆ తర్వాత పల్లెల్లో ఏం జరిగిందో చూడమని నెహ్రూ పంపిస్తే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ జిల్లాలు తిరిగారు. వాళ్ల అంచనా, తక్కువలో తక్కువగా, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేలు. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. తాండూరు అప్పుడు గుల్బర్గా జిల్లాలోది. 1956లో గానీ ఇటు కలవలేదు. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. పెట్టాక కూడా చదివిన ఇళ్లు ఎన్ని?

ఆ చనిపోయినవాళ్లు నవాబులా? నవాబుల దేవిడీలు షహర్‌లో క్షేమంగా ఉన్నాయి. ఏడో నిజాం 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఉన్నాడు. ఏడాదికి 50 లక్షల రాజభరణం. కాశిం రజ్వీ జైలు నుంచి బయటికొచ్చి 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1948 సెప్టెంబర్‌లో లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు పంపిన 10 లక్షల పౌండ్ల కేసు 2019లో తేలింది. అప్పటికి అది 3 కోట్ల 50 లక్షల పౌండ్లయింది. భారత సర్కారుకూ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు. వారసులంటే ఎవరో కోర్టు పేర్లతో సహా చెప్పింది. ఆ పేర్లలో నీ పేరు లేదు బేటా. నాదీ లేదు. మీ అబ్బాదీ లేదు.

సెప్టెంబర్ 17 వస్తే ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు సమైక్యత అంటారు. పేరు మీద కొట్లాట ఆ నెలంతా ఉంటుంది. ఆ గొడవలో మనవాళ్లు ఆసఫియా జెండా పట్టుకుని నిలబడితే, అవతలివాడు వెతుకుతున్న ముద్దాయి తనంతట తానే దొరికినట్టే. నన్ను "మీరు ఏలారు" అనేవాళ్లకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది. భాయ్, తర్కా కాగితాలు తీసుకురా, మా దాదా వాటా ఎంతో చూపించు. ఒక్క గుంట చూపించినా మొత్తం కర్జ్ నేను కడతా.

మా దాదీ 1948 గురించి ఒకే ఒక్క మాట చెప్పేది. జొన్న చేనులో మూడు రాత్రులు ఉన్నామని, గొల్ల ఎల్లమ్మ అనే ఆమె చీకట్లో గటక తెచ్చి పెట్టిందని. ఎవరు పోయారు, ఎక్కడ పూడ్చారు, తిరిగొచ్చాక ఇంట్లో ఏం మిగిలింది, ఇవేవీ నేను అడగలేదు. నేనప్పుడు గ్రనాడా గురించి చదువుతున్నాను. దాదీ పోయి పద్దెనిమిదేళ్లయింది.

వలీమా అయ్యాక మా పిల్లగాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, అరగంట. విన్నాడు. "మామూ, మరి స్టేటస్‌లో ఏం పెట్టాలె?" అన్నాడు. వాళ్ల నానీ, అంటే మా ఖాలా, ఇంకా ఉంది. ఆ సెప్టెంబర్‌లో ఆమెకు ఆరేడేళ్లు ఉంటాయి. ఈ జుమా నమాజ్ తర్వాత ఫోన్ పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చో, రికార్డింగ్ ఆన్ చెయ్, అడుగు అన్నాను. కూర్చున్నాడో లేదో ఇంకా తెలియదు. మీ ఇళ్లలో ఎనభై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే మీరూ అడగండి. పేర్లు అడగండి, ఊర్లు అడగండి, ఎవరి ఇంట్లో దాక్కున్నారో అడగండి. తెలుగులో చెప్పినా సరే, ఉర్దూలో చెప్పినా సరే, నాకు పంపితే ఇక్కడ రాస్తాను.